రోజువారీ ఫొటోలకి ఏ డీఎస్ఎల్ఆర్, ఏ లెన్సు: బాడీ కన్నా ముందు మీ హాలు కొలవండి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది, బడ్జెట్ 40 వేల దాకా, పాప ఫొటోలు, ఇంట్లో పుట్టినరోజులు వ్రతాలు, పండక్కి ఊరెళ్తే అక్కడి ఫొటోలు, ఇవీ మీ అవసరాలు. షాపతను రెండు లెన్సులు, బ్యాగు, కార్డు, ట్రైపాడ్ కలిపి కిట్‌గా ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా, లేక ఇప్పుడంతా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) అంటున్నారు కదా అసలు డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం) కొనడమే దండగా అని మీ డౌటు.

నా సలహా ఇదీ. డీఎస్ఎల్ఆర్ కొనండి, బాడీ (లెన్సు లేకుండా ఉట్టి కెమెరా) సెకండ్ హ్యాండ్‌లో కొనండి, మిగిలిన డబ్బులు ఒక మంచి చిన్న లెన్సు మీద పెట్టండి. ఆ కిట్ మాత్రం వద్దు. ఏ కంపెనీ కెమెరా అనేది కూడా లెన్సుని బట్టే తేల్చుకోండి, ఇది చాలామంది రివర్స్‌లో చేస్తారు, అక్కడే డబ్బులు పోతాయి.

మిర్రర్‌లెస్ సంగతి ముందు తేల్చేద్దాం. కానన్, నికాన్ రెండూ 2018లో ఫుల్ ఫ్రేమ్ (ఫొటో పట్టే సెన్సరు పెద్దగా ఉండే) మిర్రర్‌లెస్‌లోకి దిగాయి, 2020 తర్వాత ఆ రెండిటి నుంచీ చెప్పుకోదగ్గ కొత్త డీఎస్ఎల్ఆర్ రాలేదు, పెంటాక్స్ ఒక్కటే ఇంకా ఆ దారిలో ఉంది. కాబట్టి ముందుముందు వచ్చేదంతా మిర్రర్‌లెస్సే, అందులో అనుమానం లేదు. కానీ అందరూ అటు మారిపోతున్నారు కాబట్టే మంచి డీఎస్ఎల్ఆర్‌లు, వాటి లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో బాగా దిగొచ్చాయి. నికాన్ ఎఫ్ మౌంట్ (బాడీకి లెన్సు బిగించే చోటు) 1959 నుంచీ ఉంది, కానన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచీ ఉంది, అన్నేళ్ళ లెన్సులు బజార్లో తిరుగుతున్నాయి. రేపు మీరు మిర్రర్‌లెస్‌కి మారినా ఈ లెన్సులు అడాప్టర్‌తో పనిచేస్తాయి, కానన్‌లో ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ రెండూ ఆటోఫోకస్‌తో సహా నడుస్తాయి, నికాన్‌లో ఫోకస్ మోటారు లోపలే ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లెన్సులు నడుస్తాయి గానీ పాత డి టైపు లెన్సులకి నికాన్ వాళ్ళ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ రాదు. అదే 40 వేలకి కొత్త మిర్రర్‌లెస్ వెతికితే అన్నిటికన్నా కింది మోడలే దొరుకుతుంది, అదీ కిట్ లెన్సుతో (బాడీతో పాటు ఇచ్చే మామూలు జూమ్ లెన్సు), ఇంకో లెన్సుకి డబ్బులు మిగలవు. బడ్జెట్ దీనికి రెట్టింపు ఉంటే నేనే మిర్రర్‌లెస్ తీసుకోమనేవాణ్ణి.

ఫుల్ ఫ్రేమ్ ఊసు ఇప్పుడొద్దు. 36 బై 24 ఎంఎం సెన్సరు మంచిదే, కానీ దానికి తగ్గ లెన్సులు బరువూ ఎక్కువ రేటూ ఎక్కువ, రోజూ భుజాన వేసుకుని తిరగాలనిపించదు.

ఇక అసలు విషయం. మీ దగ్గర టేపు ఉంటే పాప ఎక్కువగా ఆడుకునే గది కొలవండి. మన అపార్ట్‌మెంట్లలో సోఫా, టీవీ యూనిట్ పోను మీరు వెనక్కి జరగగలిగింది మహా అయితే పది అడుగులు. అందరూ ముందు కొనమని చెప్పే 50ఎంఎం ఎఫ్/1.8 లెన్సు, క్రాప్ సెన్సరు (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సరు) కానన్ మీద, పది అడుగుల దూరంలో ఎంత వెడల్పు చూస్తుందో తెలుసా, నాలుగున్నర అడుగులు. అంతే. పాప ముఖానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ పాప, పక్కన అమ్మమ్మ, ముందు బొమ్మలు అంతా రావాలంటే మీ వీపు గోడకి ఆనుతుంది. అదే దూరంలో నికాన్ మీద 35ఎంఎం పెడితే ఆరున్నర అడుగుల పైన వస్తుంది, కానన్ మీద 24ఎంఎం పెడితే తొమ్మిది అడుగుల పైన, 18-55 కిట్ లెన్సుని 18 దగ్గర పెడితే పన్నెండు అడుగులు. ఈ లెక్క మీరే వేసుకోవచ్చు, సెన్సరు వెడల్పుని (కానన్ 22.3 ఎంఎం, నికాన్ 23.5 ఎంఎం) లెన్సు ఎంఎంతో భాగించి దూరంతో గుణిస్తే చాలు, ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. కొనేముందు ఈ చిన్న లెక్క వేసుకున్న వాళ్ళు లెన్సు విషయంలో దాదాపు పొరబడరు.

రెండోది వెలుతురు. కిట్ లెన్సు జూమ్ చేసి 55 దగ్గరకి వెళ్తే అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్/5.6, ఎఫ్/1.8తో పోలిస్తే దాదాపు పదో వంతు వెలుతురే లోపలికి వస్తుంది. సాయంత్రం హాల్లో ట్యూబ్‌లైటు కింద ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సరు సున్నితత్వం) 1600 పెట్టి కిట్ లెన్సుతో తీస్తే షట్టర్ 1/25 సెకను వస్తుందనుకోండి, పాప తల తిప్పితే చాలు మొహం అలికినట్టు వస్తుంది. అదే ఐఎస్ఓలో ఎఫ్/1.8 పెడితే 1/250 వస్తుంది, పరిగెడుతున్నా చాలావరకు నిలబడుతుంది. మీ ఫోన్ ఇక్కడే ఇబ్బంది పడేది, అది చకచకా నాలుగైదు ఫ్రేములు తీసి కలిపి ఒక ఫొటో చేస్తుంది, కదలని వాటికి అద్భుతంగా చేస్తుంది గానీ కదిలే పిల్లల దగ్గరకొచ్చేసరికి చేతులూ జుట్టూ చెదిరిపోతాయి. లెన్సుకి ఐఎస్ (కానన్) గానీ వీఆర్ (నికాన్) గానీ ఉంది కదా అంటారు షాపుల్లో, అది మీ చేతి వణుకు ఆపుతుంది, పాపని ఆపదు, ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. 50ఎంఎం ఎఫ్/1.8 దగ్గర, ఐదు అడుగుల దూరంలో, షార్ప్‌గా ఉండే లోతు రెండున్నర అంగుళాలు కూడా ఉండదు. ఒక కన్ను బాగుండి రెండో కన్ను మెత్తగా వస్తే అది లెన్సు లోపం కాదు, అపర్చర్ మరీ తెరిచి పెట్టారని అర్థం. ఒక్కళ్ళకైతే ఎఫ్/2, ఇద్దరు పక్కపక్కన ఉంటే ఎఫ్/2.8 నుంచి 4, పది మంది రెండు వరసల్లో నిలబడితే ఎఫ్/5.6 పెట్టుకోండి.

ఇప్పుడు కంపెనీ. మీ అవసరానికి నా ఓటు నికాన్ డీఎక్స్ (వాళ్ళ క్రాప్ సెన్సరు రకం) బాడీకి, దాని మీద ఏఎఫ్-ఎస్ 35ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్ లెన్సు. 2009లో వచ్చిన లెన్సు, చిన్నది, తేలిక, సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది, మన గదుల సైజుకి సరిగ్గా సరిపోతుంది, చీకట్లోనూ పనిచేస్తుంది. కానన్‌లో క్రాప్ సెన్సరు కోసమని ఇంత తక్కువలో 35 ఎఫ్/1.8 వాళ్ళు చెయ్యలేదు, ఉన్న ఈఎఫ్ 35 ఎఫ్/2 ఐఎస్ మంచిదే కానీ మీ బడ్జెట్ మొత్తం తినేస్తుంది. కానన్‌లో తక్కువలో దొరికేవి 24ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం, 50ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. 24 అంటే 125 గ్రాములే, బాడీకి మూత పెట్టినట్టు ఉంటుంది, పగటి పూటా ప్రయాణాల్లోనూ ఇంతకన్నా సుఖమైన లెన్సు లేదు, కానీ ఎఫ్/2.8 కాబట్టి రాత్రిళ్ళు కిట్ లెన్సు కన్నా కాస్తే మెరుగు. 50 ఏమో వెలుతురు బాగా లాగుతుంది గానీ గది చాలదు.

అయితే కానన్ వైపు ఒక బలమైన కారణం ఉంది, అది లైవ్ వ్యూ, అంటే స్క్రీన్‌లో చూస్తూ తీయడం. 200డీ, 200డీ మార్క్ 2 బాడీల్లో డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ ఉంది, స్క్రీన్ తిప్పుకుని నేల మీద పాప ఎత్తులో కెమెరా పెట్టి వేలితో తాకితే టక్కున ఫోకస్ పట్టేస్తుంది, మార్క్ 2లో అయితే కంటినే పట్టుకుంటుంది. వీడియో ఎక్కువ తీస్తారంటే కళ్ళు మూసుకుని ఇదే తీసుకోండి. 1500డీలో ఇది లేదు, స్క్రీన్ తిరగదు, లైవ్ వ్యూలో ఫోకస్ వెతుక్కుంటూ ఉండిపోతుంది, వ్యూఫైండర్‌లో చూసి తీసేవాళ్ళకే అది. 3000డీ జోలికి మాత్రం పోవద్దు, లెన్సు బిగించే మౌంటే ప్లాస్టిక్, 18 మెగాపిక్సెల్, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

నికాన్‌లో డీ3500 అంటే బాడీ ఒక్కటే 365 గ్రాములు, బ్యాటరీ ఒక ఛార్జికి 1,550 ఫొటోలని కంపెనీ లెక్క, పెళ్ళికెళ్ళినా ఛార్జర్ గుర్తురాదు. మైకు పెట్టుకునే జాక్ లేదు, సెన్సరుని తనంతట తను దులుపుకునే ఏర్పాటు లేదు, స్క్రీన్ తిరగదు. డీ5600కి తిరిగే టచ్ స్క్రీన్, 39 ఫోకస్ పాయింట్లు (డీ3500కి 11) ఉన్నాయి, పిల్లలకి అదే నయం. పాత డీ5300 మంచి కండిషన్‌లో దొరికినా ఫరవాలేదు, ఫొటో క్వాలిటీలో మీరు తేడా పట్టలేరు.

నికాన్‌లో ఒక మెలిక ఉంది, ఇది తెలియక కొనేవాళ్ళు ఎక్కువ. డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, మోటారు లెన్సులోనే ఉండాలి. ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో లెన్సు మీద రాసి ఉంటే సరే, ఉట్టి ఏఎఫ్ 50ఎంఎం 1.8డి లాంటిదైతే మీరు చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే. తక్కువకి వస్తోందని అది కొని ఇంటికొచ్చి ఫోకస్ కావట్లేదని తిరిగి షాపుకి పోతుంటారు. అది నడవాలంటే డీ7000 సిరీస్ బాడీ కావాలి. అలాగే ఏఎఫ్-పి లెన్సులు డీ3200, డీ5100 లాంటి పాతవాటి మీద పనిచెయ్యవు, డీ5300కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకోవాలి.

షాపతని కిట్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తా. ఈ రెండు లెన్సుల కిట్లలో స్టెబిలైజేషన్ (ఐఎస్, వీఆర్) లేని రకాలు కలిపి ఇస్తుంటారు. నికాన్ ఏఎఫ్-పి 18-55, 70-300 రెండూ వీఆర్ ఉన్నదీ లేనిదీ రెండు రకాలుగా వచ్చాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లెన్సు మీద వీఆర్ అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూడటం ఒక్కటే దారి. కానన్‌లో 18-55 III రకానికీ, ఈఎఫ్ 75-300 III రకానికీ ఐఎస్ లేదు. ముఖ్యంగా ఆ 75-300, మూడొందల దగ్గర చేత్తో పట్టుకుని తీస్తే వణుకుతుంది, లెన్సే మెత్తగా ఉంటుంది, తీసుకున్న వాళ్ళు వారం తర్వాత బ్యాగులోంచి బయటికి తియ్యరు. మీకు దూరం లెన్సు నిజంగా కావాల్సింది పాప స్కూల్లో చేరి స్టేజీ ఎక్కినప్పుడు, అప్పుడు కానన్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం గానీ నికాన్ 70-300 వీఆర్ గానీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి, ఇప్పుడే ఎందుకు. కిట్‌లో ఇచ్చే ట్రైపాడ్ గాలికే ఊగుతుంది, లెన్సు ముందు స్క్రూ చేసే వైడ్, టెలి గాజులు ఫొటోని పాడు చేస్తాయి, పేరు తెలియని మెమరీ కార్డు ఫొటోలు మింగేస్తుంది. కార్డు మాత్రం నమ్మకమైన చోట బిల్లుతో కొనుక్కోండి, 32 జీబీవి రెండు చాలు.

18-55 కిట్ లెన్సు అసలు వద్దంటున్నానా అంటే కాదు, ఐఎస్ లేదా వీఆర్ ఉన్నదైతే బాడీతో పాటు రానివ్వండి. ఊళ్ళో పగలు, గుడి గోపురం, సంక్రాంతి ముగ్గు పైనుంచి తీయాలన్నా, ఇంటిల్లిపాదినీ వాకిట్లో నిలబెట్టి తీయాలన్నా 18 దగ్గర అదే పనికొస్తుంది. గ్రూపు ఫొటోలో ఒక్కటే చూసుకోండి, 18 దగ్గర చివర్లలో నిలబడ్డవాళ్ళ మొహాలూ చేతులూ సాగుతాయి, ఇంకో నాలుగడుగులు వెనక్కెళ్ళి 24, 28 మధ్య పెట్టి తియ్యండి, చివర ఉన్న పెద్దమ్మ కూడా ఫొటో దాచుకుంటుంది.

ఫంక్షన్ల దగ్గరకొస్తే, రెండో లెన్సు కన్నా ఒక మామూలు ఫ్లాష్ మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. కెమెరా మీద లేచే బుల్లి ఫ్లాష్ కాదు, తల తిరిగే ఫ్లాష్. దాన్ని మనుషుల మీదికి కాకుండా సీలింగ్ మీదికి తిప్పి కొడితే వెలుతురు పైనుంచి పరుచుకుని దిగుతుంది, పట్టుచీర జరీ మెరుస్తుంది, మొహాలు నూనె రాసినట్టు రావు. మన ఇళ్ళల్లో ఒక సంగతుంది, గోడలకి పిస్తా పచ్చో గులాబీయో వేస్తారు, ఫ్లాష్ పక్క గోడకి తిప్పి కొడితే ఆ రంగంతా మొహాల మీదికొస్తుంది, ఎడిటింగ్‌లో దాన్ని తీయడం చాలా కష్టం. తెల్ల సీలింగ్ ఉంటే సీలింగ్‌కే తిప్పండి, అది కూడా రంగుదైతే మీ వెనక కొంచెం పైకి ఒక తెల్ల థర్మాకోల్ షీటు ఎవర్నైనా పట్టుకోమనండి. కానన్ 1500డీ, 200డీ మార్క్ 2 తీసుకుంటే ఫ్లాష్ కొనేముందు ఒకటి చూసుకోవాలి, వాటి హాట్ షూలో (పైన ఫ్లాష్ బిగించే చోటు) మధ్యలో ఉండే పిన్ను కంపెనీ తీసేసింది, అందుకని ఒక్క పిన్నుతో పనిచేసే చవక మాన్యువల్ ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు వాటి మీద వెలగవు, కానన్ కోసమని చేసిన టీటీఎల్ (ఎంత వెలగాలో కెమెరాతో కలిసి తనే లెక్కేసుకునే) ఫ్లాష్, అదీ మీ మోడల్‌కి పనికొస్తుందని కంపెనీ రాసింది చూసి కొనాలి. షాపులోనే కెమెరా మీద పెట్టి వెలిగించి చూడండి.

ఫంక్షన్ హాళ్ళలో ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోల్లో అడ్డంగా నల్ల చారలు, ఒక ఫొటో పచ్చగా ఇంకోటి మామూలుగా వస్తున్నాయని చాలామంది కెమెరా పాడైందనుకుంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెడితే ఆ గొడవ దాదాపు పోతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి కరెంటు 60 హెర్ట్జ్, వాళ్ళు 1/125, 1/60 పెట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు తొందరపడొద్దు. హైదరాబాద్ అయితే కోఠి వైపు కెమెరా షాపుల్లో నాలుగు చోట్ల తిరిగి చూడండి, ఆన్‌లైన్‌లో వ్యక్తుల దగ్గర కొంటే పగటి పూట కలవండి, మీ కార్డు మీరే పట్టుకెళ్ళండి. ముందు లెన్సు తీసి రెండు వైపులా మూతలు తీసి ఫోన్ టార్చి వెనకనుంచి వేసి ముందునుంచి ఏటవాలుగా చూడండి, లోపలి గాజు మీద సాలెగూడు పోగుల్లా సన్నటి తెల్ల గీతలు ఉంటే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దనండి, దుమ్ము రేణువులు రెండు మూడు ఉంటే ఏం కాదు. తర్వాత అపర్చర్ ఎఫ్/16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో తీసి జూమ్ చేసి చూడండి, మచ్చలు ఉంటే సెన్సరు మీద దుమ్ము, అది క్లీన్ చేయించొచ్చు, కానీ గీతలా ఉండి ఎన్నిసార్లు తీసినా అదే చోట ఉంటే వదిలెయ్యండి. నికాన్‌లో అయితే ఒక జెపెగ్ తీసి ఎగ్జిఫ్ (ఫొటో ఫైలులో దాగి ఉండే వివరాలు) చూసే సైట్‌లో పెడితే షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు అయ్యాయో వస్తుంది, డీ3500 షట్టర్‌ని లక్ష క్లిక్కుల దాకా టెస్ట్ చేశామని కంపెనీ చెప్పింది, ముప్పై నలభై వేల లోపు ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. కానన్ చిన్న మోడళ్ళ ఫొటోలో ఆ నంబరు ఉండదు, కాబట్టి రబ్బరు గ్రిప్ వదులైందా, మోడ్ డయల్ అక్షరాలు అరిగాయా, మౌంట్ రింగు ఇత్తడి రంగు తేలిందా అని చూడాలి. పెళ్ళిళ్ళు తీసిన బాడీ అయితే ఈ మూడూ చెప్పేస్తాయి. చివర్లో కార్డు పెట్టే చోట లోపలి పిన్నులు వంగలేదని, ఫ్లాష్ లేస్తోందని, బ్యాటరీ ఉబ్బలేదని చూడండి, ఆ తర్వాత పేపరు మీద అచ్చు అక్షరాల్ని ఎఫ్/1.8లో ఏటవాలుగా తీసి ఫోకస్ పెట్టిన లైనే షార్ప్‌గా ఉందో లేదో చూడండి. ముందో వెనకో పడుతుంటే వేరే కాపీ అడగండి, ఈ చిన్న బాడీల్లో దాన్ని మనం సరిచేసుకునే మెనూ ఉండదు.

బంధువులు అమెరికా నుంచో లండన్ నుంచో తెస్తామంటే పేర్లు చూసుకోండి. మన 1500డీ యూరప్‌లో 2000డీ, అమెరికాలో రెబెల్ టీ7. మన 200డీ మార్క్ 2 యూరప్‌లో 250డీ, అమెరికాలో రెబెల్ ఎస్ఎల్3. కెమెరా ఒకటే, కానీ వారంటీ ఇక్కడ చెల్లుతుందనుకోవద్దు, రేటులో తేడా దానికి తగ్గట్టు ఉంటేనే తెప్పించుకోండి.

కొన్నాక మొదటి నెల ఏ ప్రో మోడూ అక్కర్లేదు, అపర్చర్ ప్రయారిటీ (అపర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరా చూసుకుంటుంది, కానన్‌లో ఏవీ, నికాన్‌లో ఏ) పెట్టుకుని ఆటో ఐఎస్ఓలో గరిష్ఠం 3200, కనీస షట్టర్ 1/250 సెట్ చేసుకోండి, ఆ కనీస షట్టర్ మెనూ దొరకని కానన్ అయితే టీవీ (Tv, షట్టర్ మీరు పెట్టే) మోడ్‌లో 1/250 పెట్టండి. తాతగారు తెల్లపంచె తెల్లచొక్కాలో ఉంటే కెమెరా ఆ తెలుపుని బూడిద రంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 0.7 నుంచి 1 దాకా పెంచండి. రా (RAW, సెన్సరు పట్టింది పట్టినట్టు ఉంచే ఫైలు) కూడా జెపెగ్‌తో పాటు సేవ్ చేస్తూ ఉండండి, ఇప్పుడు ఎడిటింగ్ రాకపోయినా ఫరవాలేదు, పాప చిన్నప్పటి ఫొటోలు మళ్ళీ తీయలేం కదా, తర్వాత నేర్చుకున్నాక వాటినే బాగుచేసుకోవచ్చు.

దాచుకోవడం గురించి ఒక్క మాట, ముఖ్యంగా మీది విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు అయితే. వానాకాలంలో కెమెరాని బ్యాగులో పెట్టి బీరువాలో తోసేస్తే లెన్సుకి ఫంగస్ ఖాయం, బ్యాగు గుడ్డే తేమ పీల్చి లోపల పెట్టుకుంటుంది. వంటింట్లో వాడే గట్టి మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకుని అందులో సిలికా జెల్, మూడు నాలుగొందలకి దొరికే చిన్న తేమ మీటరు వెయ్యండి, 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే సరిపోతుంది, మరీ 30 కిందకి పోనివ్వద్దు. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. వారానికోసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తీస్తే ఇంకా మంచిది.

మీరు చూసిన బాడీ మోడలు, షట్టర్ కౌంట్, ఎంత చెప్తున్నారో రాయండి, డబ్బులు ఇచ్చేముందు చూసి చెప్తాను.